కాసిల్టన్‌లో మూడు రోజులు: గుహలు, కోట, కొండగట్టు, మునిగిన ఊళ్ళు ఎలా చూడాలి

మామ్ టార్ కొండ మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే గడ్డి లేత పచ్చగా ఉంటుంది, పొలాల మధ్య రాతి గోడలు తెల్లగా ఉంటాయి. అక్కడే వెనక్కి తిరిగి ఉత్తరం వైపు చూడండి. కొండలు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, గోడలు మసిపట్టినట్టు నల్లగా ఉంటాయి. తెల్ల గోడల వైపు సున్నపురాయి, నల్ల గోడల వైపు పలక మట్టిరాయి, దాని మీద గరుకు ఇసుకరాయి. ఈ రెండూ కలిసే గీత మీద కూర్చున్న చిన్న ఊరే కాసిల్టన్.

ఇంగ్లండ్ నడిబొడ్డున, డార్బీషైర్ కౌంటీలో, షెఫీల్డ్‌కీ మాంచెస్టర్‌కీ మధ్య హోప్ లోయలో ఉంటుంది ఈ ఊరు. ఇక్కడ చూడాల్సిన ప్రతిదానికీ మూలం ఆ రెండు రాళ్ళే. సున్నపురాయి నీటికి కరుగుతుంది కాబట్టి గుహలు, ఇరుకు కనుమలు, సీసపు గనులు దక్షిణం వైపు ఉన్నాయి. పలక మట్టిరాయి నానితే జారిపోతుంది కాబట్టి కూలుతున్న కొండ ఉత్తరం వైపు ఉంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏ రోజు ఎటు వెళ్ళాలో సగం తెలిసిపోతుంది.

షెఫీల్డ్, మాంచెస్టర్‌లలో చదువుకునే మనవాళ్ళూ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వారాంతానికి ఎక్కడికి తీసుకెళ్ళాలా అని చూసేవాళ్ళూ ఎక్కువగా ఒకే పని చేస్తారు. కారు అద్దెకు తీసుకుని, ఒక్కరోజులో పీక్ డిస్ట్రిక్ట్‌లో (ఈ కొండ ప్రాంతం మొత్తానికీ అదే పేరు) ఆరు చోట్లు "కవర్" చేసేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. ఆ రోజు గుర్తున్నవి కారు పార్కింగులే. అందుకే ఒక్క ఊళ్ళో మకాం పెట్టి, చుట్టూ నడిచి చూసే పద్ధతి చెబుతున్నాను.

ముందుగా: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి

మే, జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి నడక ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. డిసెంబర్‌లో అయితే నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఊరంతా క్రిస్మస్ దీపాలు పెట్టి అందంగా ఉంచుతారు గానీ కొండ ఎక్కే కాలం కాదు.

వీలుంటే మే 29 కలిసొచ్చేలా చూసుకోండి. ఆ రోజు ఇక్కడ గార్లండ్ డే. ఒకాయన గుర్రమెక్కి, గంట ఆకారంలో పూలతో అల్లిన పెద్ద చట్రాన్ని తల నుంచి నడుము దాకా కప్పుకుని ఊరంతా తిరుగుతాడు. మోయడానికి పాతిక కిలోల దాకా ఉంటుంది అది. వెనకాల బ్యాండు, తెల్ల బట్టల్లో పిల్లల నాట్యం. చివర ఆ పూల చట్రాన్ని తాళ్ళతో చర్చి గోపురం మీదికి లాగి వేలాడదీస్తారు. 1660లో రెండో చార్లెస్ రాజు తిరిగి గద్దెనెక్కిన రోజుకు గుర్తుగా చేసే పండగ అంటారు. అంతకుముందు నుంచీ ఉన్న వసంత పండగకే రాజు పేరు అతికించారని నమ్మేవాళ్ళూ ఉన్నారు. 29 ఆదివారం పడితే ముందు రోజే జరుపుకుంటారు.

వెళ్ళకూడని రోజు: ఎండ కాసిన బ్యాంక్ హాలిడే, అంటే అందరికీ సెలవు రోజు, అందులోనూ కారులో. విన్నట్స్ కనుమలో కార్లు ఇంచు కదలవు. రోడ్డు పక్క గడ్డి మీద పెట్టేసి వెళ్ళిన వాళ్ళకు జరిమానాలు పడతాయి.

ఉండటానికి ఊళ్ళో పబ్బుల మీది గదులు, ఇళ్ళలో అద్దెకిచ్చే గదులు ఉన్నాయి. కొంచెం బయట యూత్ హాస్టల్ ఉంది. వారాంతాలకు నెల ముందే నిండిపోతాయి. కుటుంబంతో అయితే వంటగది ఉన్న చిన్న ఇల్లు తీసుకోవడం మేలు. పబ్బుల్లో శాకాహారం దొరుకుతుంది కానీ మూడు రోజులూ చీజ్-ఉల్లిపాయ పై, ఉడికించిన ఆలుగడ్డలో బీన్స్ అంటే నాన్నగారు రెండో పూటకే ముఖం చిట్లిస్తారు. పులిహోర కట్టుకెళ్ళండి, కొండ మీద చలిగాలిలో దాని రుచే వేరు.

చేరుకోవడం

షెఫీల్డ్, మాంచెస్టర్ మధ్య నడిచే హోప్ వ్యాలీ రైలు ఎక్కి హోప్ స్టేషన్‌లో దిగాలి. షెఫీల్డ్ నుంచి అరగంట లోపు, మాంచెస్టర్ నుంచి గంట లోపు. షెఫీల్డ్ నుంచి వస్తే దారిలో టోట్లీ సొరంగం వస్తుంది, ఐదున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 1893లో తెరిచారు. చీకట్లోంచి బయటపడగానే ఊళ్ళూ ఫ్యాక్టరీలూ మాయమై కొండలు కనిపిస్తాయి. పిల్లలకు ఇదే పెద్ద మ్యాజిక్.

ఆగని ఫాస్ట్ రైళ్ళు కూడా ఇదే లైన్ మీద వెళ్తాయి, ఎక్కేముందు హోప్‌లో ఆగుతుందా అని చూసుకోండి. హోప్ నుంచి కాసిల్టన్ మూడు కిలోమీటర్లు. బస్సు ఉంది. లేదంటే ఏటి పక్కన పొలాల కాలిబాటలో ముప్పావు గంటలో నడిచేయొచ్చు. షెఫీల్డ్ నుంచి నేరుగా బస్సు కూడా ఉంది. ఆదివారం బస్సులు తక్కువ. ఒక ఆదివారం సాయంత్రం చివరి బస్సు రాక, చీకట్లో ఫోన్ లైటు పట్టుకుని స్టేషన్ దాకా నడిచాం. అప్పటినుంచి ఆఖరి బస్సు మీద ఆధారపడటం మానేసి, దానికి ముందు బస్సు పట్టుకుంటున్నాను.

రైలు దిగగానే ఒక పెద్ద పొగగొట్టం కనిపిస్తుంది. మూడు రోజులూ ఎక్కడ నిలబడినా ఫోటోలో వచ్చి కూర్చుంటుంది. అది హోప్ సిమెంట్ ఫ్యాక్టరీ, 1929 నుంచి నడుస్తోంది. నేషనల్ పార్క్ మధ్యలో సిమెంట్ ఫ్యాక్టరీ ఏమిటని అందరూ విసుక్కుంటారు. కానీ సిమెంటుకు కావాల్సింది సున్నపురాయి, పలక మట్టిరాయి. ఆ రెండూ పక్కపక్కనే దొరికే చోటు ఇదే. పల్నాడులో, నల్లగొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చూసి పెరిగినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు.

సంచీలో ఏముండాలి

చీలమండ దాకా పట్టే, కింద గట్లు ఉన్న బూట్లు. నున్నటి స్పోర్ట్స్ షూలతో సున్నపురాయి మీద నడిస్తే, వాన పడినప్పుడు సబ్బు మీద నడిచినట్టే. జీన్స్ వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. వాన ఆపే జాకెట్టు జూలైలో కూడా కావాలి. గుహల లోపల ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది కాబట్టి ఒక స్వెట్టర్. గొడుగు హోటల్లోనే వదిలేయండి, కొండగట్టు గాలికి అది రెండు నిమిషాలు కూడా నిలవదు.

మ్యాపు విషయంలో మాత్రం బద్ధకించకండి. ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్1, డార్క్ పీక్ మ్యాపులో కాసిల్టన్, ఈడేల్, లేడీబవర్ అన్నీ వస్తాయి. లోయలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. కాలిబాటల దగ్గర పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకు, నీలం బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా దారి. పొలం గేటు ఎలా ఉందో అలాగే వదలాలి, మూసి ఉంటే మూసే వెళ్ళాలి. కొండ మీద దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. అంబులెన్స్ అంటే రోడ్డు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

మొదటి రోజు: ఊరు, కోట, ఒక గుహ

మధ్యాహ్నానికి చేరుకున్నా ఈ రోజు పని సరిపోతుంది. ముందు కోట ఎక్కండి. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే ఎక్కాలి, దారి చిన్నదే గానీ నిట్టనిలువు. వంకరటింకరగా తిప్పుతూ వేశారు, మధ్యలో కూర్చోవడానికి బల్లలున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద టీ తాగుతూ కూర్చోవడమే మంచిది.

పెవెరిల్ కోట, ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన కొత్తలో, విలియం పెవెరిల్ కట్టించినది. 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కల్లో దీని ప్రస్తావన ఉంది. తర్వాత పెవెరిల్ వంశం చేతిలోంచి రాజు రెండో హెన్రీ లాగేసుకున్నాడు. ఇప్పుడు నిలబడి ఉన్న చదరపు బురుజు ఆయన 1176 ప్రాంతంలో కట్టించినదే. బురుజు ఒకవైపు నున్నగా చెక్కిన రాళ్ళు అలాగే ఉన్నాయి. మిగతా వైపుల రాళ్ళను జనం ఊడబెరుక్కుని ఇళ్ళకు వాడుకున్నారు. కోటలకు ఎక్కడైనా పట్టే గతే.

లోపల చూడటానికి పెద్దగా ఏమీ లేదని నిజాయితీగా చెప్పాలి. గది లేదు, కప్పు లేదు. కానీ గోడ దగ్గరికి వెళ్ళి వెనక్కి, అంటే దక్షిణం వైపు, కిందికి చూడండి. కేవ్ డేల్ అనే ఇరుకు లోయ నిలువునా పడిపోతూ కనిపిస్తుంది. కోటకు ఆ వైపు గోడ కట్టే పని సున్నపురాయే చేసేసింది. ముందువైపు ఊరు మొత్తం బొమ్మరిల్లులా కనిపిస్తుంది. మధ్యయుగంలో కోట కోసం గళ్ళు గీసి వేసిన వీధులు ఇప్పటికీ అలాగే తెలుస్తాయి. దిగాక ఓపిక ఉంటే కేవ్ డేల్‌లోకి కింది నుంచి ఒక ఫర్లాంగు నడిచి రండి, ఇళ్ళ మధ్య సందులోంచే దారి.

ఇప్పుడు గుహ. కాసిల్టన్‌లో టికెట్టు పెట్టి చూపించే గుహలు నాలుగు. నాలుగూ చూడటం డబ్బు దండగ, మూడోదానికే కళ్ళు మొద్దుబారతాయి. రెండు ఎంచుకోండి. నా లెక్క ఇది.

ఊళ్ళోనే, కోట కిందే ఉన్నది పీక్ కావెర్న్. దీనికి పాత పేరు "దయ్యం పిర్ర". ఎక్కువ వానలు పడ్డప్పుడు లోపల నిండిన నీళ్ళు దిగిపోతూ చేసే శబ్దం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. 1880లో విక్టోరియా రాణి లోపల కచేరీ వినడానికి వస్తే ఆమె చెవిన పడకూడదని మర్యాదైన పేరు తగిలించారని ఇక్కడివాళ్ళు కథ చెబుతారు. ఇప్పుడు టికెట్ల మీద పాత పేరే గర్వంగా వేసుకుంటున్నారు.

గుహ ముఖద్వారం చూసి నోరు తెరుస్తారు. సహజంగా ఏర్పడ్డ గుహ ముఖాల్లో బ్రిటన్‌లో ఇదే అతి పెద్దది, అడ్డంగా ముప్పై మీటర్ల దాకా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళకు పైగా తాళ్ళు పేనేవాళ్ళు ఈ ముఖద్వారం లోపలే పని చేశారు. గుహలోనే ఇళ్ళు కట్టుకుని కాపురమున్నారు. ఎందుకంటే తాడు పేనాలంటే పొడవైన చోటు కావాలి, నార ఎండిపోకుండా గాలిలో చెమ్మ కావాలి, వాన పడకూడదు. ఈ మూడూ ఇక్కడ కిరాయి లేకుండా దొరికాయి. పైకప్పుకు అంటుకున్న పొయ్యి మసి ఇప్పటికీ ఉంది. గైడు పాత చట్రాల మీద తాడు పేని చూపిస్తారు, పిల్లల చేత కూడా పేనిస్తారు. నాలుగు గుహల్లో మనుషులు బతికిన గుహ ఇదొక్కటే. నేను ఒక్కటే చూడమంటే ఇదే చూడమంటాను.

లోపల కనపడని సంగతి ఒకటి. ఇదే గుహల అల్లికలో టైటన్ అనే నిలువు బావి 1999లో బయటపడింది. లోతు 141 మీటర్ల పైచిలుకు, బ్రిటన్‌లో తెలిసినవాటిలో అతి లోతైనది. అనుభవం ఉన్న గుహాన్వేషకులు మాత్రమే తాళ్ళతో దిగుతారు. మనం నడిచే బాట కింద ఎంత డొల్లగా ఉందో ఊహించుకోవడానికి చెబుతున్నాను.

బయటికొచ్చాక పక్కనే పారే ఏటిని చూడండి. పీక్స్‌హోల్ వాటర్ దాని పేరు, ఊరి మధ్యలోంచి పోతుంది. పడమటి కొండల్లో పలకరాయి మీద పారే వాగులు సున్నపురాయి తగలగానే భూమిలోకి దూరి, కొండ లోపలంతా తిరిగి ఇక్కడ తేలతాయి.

సాయంత్రం అరగంట మిగిలితే సెయింట్ ఎడ్మండ్స్ చర్చిలోకి వెళ్ళండి. నార్మన్ల కాలపు కమాను, తలుపులున్న పెట్టెల్లాంటి పాత బల్లలు ఉన్నాయి. అంతే.

రెండో రోజు: కూలుతున్న కొండ, దాని గట్టు

పొద్దున్నే బయల్దేరండి, ఎనిమిదికల్లా ఊరు దాటితే మంచిది. మొత్తం చుట్టు పది కిలోమీటర్లు. బలంగా నడిచేవాళ్ళు చివర లూజ్ హిల్ కలుపుకుని హోప్‌లో దిగితే పదమూడు దాకా అవుతుంది.

ఊరి పడమటి కొసన రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమ వైపుది విన్నట్స్ కనుమలోకి వెళ్తుంది. అటు ఐదు నిమిషాలు నడిచి, స్పీడ్‌వెల్ గుహ దగ్గర నిలబడి చూసి వెనక్కి వచ్చేయండి. రెండు వైపులా సున్నపురాయి గోడలు, మధ్యలో సన్నని రోడ్డు, కొన్నిచోట్ల ఐదడుగులకు ఒకడుగు చొప్పున ఎక్కుతుంది. "గాలి ద్వారాలు" అనే మాట నలిగి విన్నట్స్ అయిందంటారు, గాలి తగిలితే నమ్ముతారు. 33 కోట్ల ఏళ్ళకు ముందు ఇక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉండేది. ఈ గోడలు ఆ సముద్రపు అంచున జీవుల గుల్లలతో పెరిగిన దిబ్బలు. రాతిని దగ్గరగా చూస్తే గుల్లల ఆనవాళ్ళు దొరుకుతాయి. పెళ్ళి కోసం ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ప్రేమజంటను 1758లో గని పనివాళ్ళు ఇక్కడ చంపేశారన్న కథ ఒకటి ఊళ్ళో బాగా వినిపిస్తుంది. స్పీడ్‌వెల్ వాళ్ళు ఆ అమ్మాయి గుర్రపు జీను అంటూ ఒకటి చూపిస్తారు. నిజమెంతో గానీ చీకటిపడ్డాక చెబితే బాగా పండుతుంది.

ఆ స్పీడ్‌వెల్ గుహ కూడా నాలుగింటిలో ఒకటి. 1770ల్లో సీసం కోసం తవ్విన సొరంగం, నీళ్ళు నింపి పడవలో తీసుకెళ్తారు. వంద పైచిలుకు మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. సొరంగం చివర "అడుగులేని మడుగు" ఉంది. గనివాళ్ళు తవ్విన రాళ్ళన్నీ అందులో పోసినా నిండలేదట. పాపం ఎన్నో ఏళ్ళు తవ్వినా సీసం మాత్రం పెద్దగా దొరకలేదు. పిల్లలకు పడవ నచ్చుతుంది. ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్ళు వెళ్ళకండి. వెళ్ళేముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

మళ్ళీ చీలిక దగ్గరికొచ్చి కుడి వైపు రోడ్డు పట్టుకోండి. ముందు ఎడమచేతికి ట్రీక్ క్లిఫ్ గుహ వస్తుంది. రెండో గుహగా నేను చెప్పేది ఇదే. పొద్దున మొదటి ట్రిప్పుకు టికెట్ ముందే తీసుకోండి. బ్లూ జాన్ అనే ఊదా, పసుపు చారల ఫ్లోరైట్ రాయి ఈ కొండలోనే దొరుకుతుంది. 1700ల చివర్లో దీనితో చేసిన పూలకూజాలంటే ఇంగ్లండ్ జమీందార్లకు మహా మోజు. గని గోడలోనే ఆ చారలు దీపం వెలుగులో కనిపిస్తాయి. ఇంకొంచెం లోపలికెళ్తే 1926లో గనివాళ్ళకు అనుకోకుండా బయటపడ్డ గదులు, ఊడల్లా వేలాడే రాళ్ళు. ఒకటి కొంగలా ఒంటికాలిమీద నిలబడి ఉంటుంది. పైన ఉన్న బ్లూ జాన్ గుహ ఇంకా లోతు, మెట్లు ఇంకా ఎక్కువ. ట్రీక్ క్లిఫ్ చూస్తే అది వదిలేయొచ్చు. ఊళ్ళో దుకాణాల్లో ఈ రాయి ఉంగరాలు, లాకెట్లు అమ్ముతారు. చిన్నది కూడా చవక కాదు.

రోడ్డు మీదికి తిరిగొచ్చి ముందుకు నడిస్తే ఓడిన్ గని. సీసపు ఖనిజాన్ని నలగ్గొట్టిన ఇనుప గుండ్రని పట్టా, దాని మీద తిరిగిన రాతి చక్రం అలాగే పడి ఉన్నాయి. గానుగ గుర్తొస్తుంది. ఎద్దు బదులు గుర్రం.

అక్కడి నుంచి అసలు వింత మొదలవుతుంది. తారు రోడ్డు ఉన్నట్టుండి విరిగి మనిషి ఎత్తున కుంగిపోతుంది. మధ్యలో వేసిన తెల్లగీత కూడా అలాగే తెగి పడి ఉంటుంది. పక్కన తెగిన చోట తారు పొరలు ఒకదానిమీద ఒకటి, పెసరట్లు పేర్చినట్టు. షెఫీల్డ్ నుంచి వచ్చే పెద్ద రోడ్డు ఇది. విన్నట్స్ ఏటవాలు బండ్లకు కష్టంగా ఉందని 1800ల మొదట్లో మామ్ టార్ కాళ్ళ దగ్గర చుట్టి వేశారు. కొండ జారుతూనే ఉంది, వాళ్ళు తారు పోస్తూనే ఉన్నారు. చివరికి 1979లో చేతులెత్తేసి మూసేశారు. పాత విన్నట్స్ దారికే కార్లు మళ్ళాయి.

కారణం మీరు నిలబడ్డ చోటి నుంచే కనిపిస్తుంది. మామ్ టార్ తూర్పు ముఖం చెక్కేసినట్టు ఉంటుంది. ఇసుకరాయి, పలకరాయి పొరలు పొరలుగా. నాలుగు వేల ఏళ్ళ కిందట ఒక్కసారిగా జారింది, ఆ జారిన ముద్ద ఇంకా కదులుతోంది. వానలెక్కువైన చలికాలాల్లో ఎక్కువ. అందుకే దీన్ని "వణికే కొండ" అంటారు. మామ్ టార్ అంటే తల్లి కొండ అనీ, జారిన మట్టితో కింద పిల్ల గుట్టలు ఏర్పడ్డాయి కాబట్టి ఆ పేరనీ చెబుతారు. చెక్కిన ముఖం కిందికి మాత్రం వెళ్ళొద్దు, రాళ్ళు రాలుతుంటాయి.

విరిగిన రోడ్డు వెంబడే పైకెళ్ళి, బ్లూ జాన్ గుహ దాటి, మామ్ నిక్ అనే గండి చేరండి. అక్కడి నుంచి రాతి మెట్లు శిఖరం దాకా ఉన్నాయి. ఇరవై నిమిషాల పని. అమ్మానాన్నలకు కష్టమైతే ట్యాక్సీలో మామ్ నిక్ పార్కింగ్ దాకా వచ్చి ఈ ఇరవై నిమిషాలే ఎక్కితే సరిపోతుంది. మా అమ్మ చీర మీద రెయిన్‌కోట్ వేసుకుని ఎక్కేసింది, దారిలో ఇద్దరు ముగ్గురు ఆగి శభాష్ అన్నారు కూడా.

శిఖరం ఎత్తు 517 మీటర్లు. చుట్టూ గట్టు, కందకం ఆనవాళ్ళున్నాయి. మూడు వేల ఏళ్ళ కిందట ఇక్కడ కోటగా కట్టుకున్న పల్లె ఉండేది. వాలులో చదును చేసిన ఇళ్ళ చోట్లు, ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట నీడల్లో తెలుస్తాయి. కొండ జారడంతో ఆ కోట గోడ ఒక ముక్క గాల్లో ఆగిపోయింది. నిలబడి రెండు వైపులా చూడండి, మొదట్లో నేను చెప్పిన తెలుపు, నలుపు ఇక్కడినుంచే.

ఇక మిగిలింది గట్టు మీద తూర్పుగా నడక. దారిని రాళ్ళతో పరిచారు, తప్పిపోవడం కష్టం. ఎడమ పక్క ఈడేల్ లోయ, కుడి పక్క కాసిల్టన్. అరగంటలో హోలిన్స్ క్రాస్ వస్తుంది. ఈడేల్‌లో చర్చి కట్టక ముందు, అంటే 1634 దాకా, అక్కడి శవాలను ఈ గండి దాటించి కాసిల్టన్‌కు మోసుకొచ్చి పూడ్చేవారు. మంచులో ఒక శవపేటికను మోస్తూ ఈ వాలు ఎక్కడం ఊహించుకుంటూ పులిహోర పొట్లం విప్పండి. ఇక్కడినుంచి కుడివైపు దిగితే గంటలో ఊళ్ళో ఉంటారు.

ఓపికున్నవాళ్ళు బ్యాక్ టార్ పక్కనుంచి లూజ్ హిల్ దాకా వెళ్ళండి. 476 మీటర్లు. ఆ శిఖరానికి వార్డ్స్ పీస్ అని ఇంకో పేరు. షెఫీల్డ్‌లో 1900లో పనివాళ్ళ కోసం నడక సంఘం పెట్టిన జి.హెచ్.బి. వార్డ్‌కు గౌరవంగా 1945లో నడకవాళ్ళు ఈ శిఖరాన్ని ఇచ్చారు. ఆయన దాన్ని నేషనల్ ట్రస్ట్‌కు, అంటే అందరికీ, ఇచ్చేశాడు.

దీని వెనక పెద్ద కథే ఉంది. ఉత్తరాన కనిపించే నల్లటి బల్లపరుపు కొండ కిండర్ స్కౌట్, 636 మీటర్లు. 1932లో కూడా అటు అడుగు పెడితే జమీందార్ల కాపలావాళ్ళు కొట్టి తరిమేవారు. వేటకు పక్షుల్ని పెంచుకునే చోటు అది. ఆ ఏడాది ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి కొన్ని వందల మంది కుర్రాళ్ళు, ఫ్యాక్టరీ పనివాళ్ళు, బెన్నీ రోత్‌మన్ ముందుండగా, కావాలనే గుంపుగా ఎక్కారు. ఐదుగురిని జైల్లో పెట్టారు. పెట్టడంతో నడకవాళ్ళ వైపు జనం మొగ్గారు. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది. 1965లో ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా పెన్నైన్ వే కాలిబాట తెరిచారు, 268 మైళ్ళు. కిండర్ మీదికి మాత్రం మొదటి ప్రయాణంలోనే వెళ్ళకండి. పైన అంతా బురద నేల, మబ్బు దిగితే దిక్కు తెలియదు.

మూడో రోజు: మునిగిన ఊళ్ళా, మూసుకున్న ఊరా

రెండూ ఒకే రోజు చేయొద్దు. ఎండగా ఉండి, కుటుంబంతో ఉంటే లేడీబవర్. వాన పడుతుంటే ఈమ్.

లేడీబవర్ జలాశయం హోప్ లోయకు ఈశాన్యంగా ఉంది. బాంఫర్డ్ స్టేషన్ నుంచి ఆనకట్ట మూడు కిలోమీటర్లు. కారు ఉంటే ఇంకా ఎగువన ఫెయిర్‌హోమ్స్ పార్కింగ్‌కు వెళ్ళి, డెర్వెంట్ ఆనకట్ట కింద నిలబడండి. షెఫీల్డ్, డార్బీ, నాటింగ్‌హమ్, లెస్టర్ నగరాల దాహం తీర్చడానికి ఈ లోయలో వరసగా మూడు ఆనకట్టలు కట్టారు. హౌడెన్, డెర్వెంట్ 1910ల్లో పూర్తయ్యాయి, లేడీబవర్‌ను 1945 సెప్టెంబర్‌లో రాజు ఆరో జార్జ్ ప్రారంభించాడు. వానల తర్వాత డెర్వెంట్ ఆనకట్ట మీదుగా నీళ్ళు రెండు బురుజుల మధ్య తెల్లటి తెరలా దిగుతాయి. 1943లో జర్మనీలోని ఆనకట్టల మీద దాడి చేయబోయే ముందు బ్రిటిష్ వైమానిక దళపు 617 స్క్వాడ్రన్ విమానాలు ఈ నీళ్ళ మీద తక్కువ ఎత్తులో ఎగిరి సాధన చేశాయి. ఇక్కడి బురుజులు అక్కడివాటిలాగే ఉండటం కలిసొచ్చింది.

శ్రీశైలం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్ళకు ఈ చోటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లేడీబవర్ కింద డెర్వెంట్, ఆష్‌ప్టన్ అనే రెండు ఊళ్ళు మునిగాయి. డెర్వెంట్ స్మశానంలోని అస్థికలను తవ్వి బాంఫర్డ్‌లో తిరిగి పూడ్చారు. చర్చి గోపురాన్ని మాత్రం ఉంచేశారు, అది కొన్నాళ్ళు నీళ్ళలోంచి పైకి లేచి కనిపించేది. 1947లో పేల్చేశారు. పాత రాతి వంతెనను విడదీసి ఎగువన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర మళ్ళీ కట్టారు. 2018, 2022 లాంటి కరువు వేసవుల్లో నీళ్ళు తగ్గి డెర్వెంట్ గోడలు బయటపడ్డాయి, జనం తండోపతండాలుగా వచ్చారు. బురదలో దిగి కూరుకుపోయినవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు వెళ్తే ఒడ్డు నుంచే చూడండి. నీళ్ళు నిండుగా ఉంటే ఆనకట్ట దగ్గర రెండు పెద్ద గుండ్రటి రంధ్రాల్లోకి జలాశయం జారిపోతుంటే చూడొచ్చు. పిల్లలు అక్కడినుంచి కదలరు.

ఈమ్ ఊరు కాసిల్టన్ నుంచి రోడ్డు మీద పదమూడు కిలోమీటర్ల పైన. 1665లో లండన్ నుంచి ఇక్కడి దర్జీ ఇంటికి ఒక బట్టల మూట వచ్చింది. అందులో ప్లేగు మోసే పురుగులున్నాయి. చెమ్మగిల్లిన బట్టను ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికర్స్ సెప్టెంబర్‌లో పోయాడు. తర్వాత ఇరుగుపొరుగు. మరుసటి వేసవికి ఊరు ఖాళీ చేసి పారిపోదామనే మాట వచ్చింది. ఊరి పాదిరి విలియం మొంపెసన్, అంతకుముందు పాదిరిగా ఉండి పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ, పడనివాళ్ళిద్దరూ ఒకటై జనాన్ని ఒప్పించారు. ఎవరూ పొలిమేర దాటకూడదు. చుట్టుపక్కల ఊళ్ళకు అంటించకూడదు. పద్నాలుగు నెలల్లో 260 మంది పోయారు. మొంపెసన్ భార్య కాథరిన్ కూడా.

ఇక్కడ చూసే క్రమం ముఖ్యం. ముందు మ్యూజియం, తర్వాత చర్చి, చర్చి పక్కన ప్లేగు ఇళ్ళు. ప్రతి ఇంటి ముందు పలక మీద ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. ఆ ఇళ్ళలో ఇప్పుడూ మనుషులు కాపురమున్నారు, కిటికీల్లోకి తొంగిచూడకండి. చర్చి ఆవరణలో ప్లేగు కంటే తొమ్మిది వందల ఏళ్ళు పాతదైన చెక్కడపు శిలువ ఉంది. తర్వాత పొలాల్లోంచి స్టోనీ మిడిల్టన్ వైపు నడిస్తే సరిహద్దు రాయి. దాని గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేసేవారు, బయటివాళ్ళు తిండి అక్కడ పెట్టి నాణేలు తీసుకెళ్ళేవారు. గుంటల్లో ఇప్పుడు పిల్లలు పెన్నీలు వేస్తుంటారు.

చివరికి ఊరికి తూర్పున రైలీ సమాధులకు వెళ్ళండి. పొలం మధ్యలో చిన్న గుండ్రటి గోడ, లోపల ఏడు గుర్తులు. ఎలిజబెత్ హాన్‌కాక్ 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే ఇక్కడ పూడ్చింది. సాయం చేయడానికి ఎవరూ దగ్గరికి రాలేని రోజులు. చేరడానికి ఊళ్ళోంచి పావుగంట పడుతుంది, దారి ఎక్కుడు. అక్కడ పెద్దగా ఎవరూ ఉండరు.

తిరుగు ప్రయాణానికి ఈమ్ నుంచి గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్ దగ్గర. సమయం మిగిలితే మాంచెస్టర్ వైపు తర్వాతి స్టేషన్ హేదర్‌సేజ్‌లో దిగి, స్టానేజ్ ఎడ్జ్ అనే ఇసుకరాయి అంచు కిందికి వెళ్ళొచ్చు. చెక్కి అమ్ముడుపోక వదిలేసిన తిరగలి రాళ్ళు గడ్డిలో డజన్ల కొద్దీ పడి ఉంటాయి. దానికి గంట చాలదు, ముందే చెబుతున్నాను. తర్వాతి రైలు చూసుకోండి.